హంసను కొడితే జైలా?

(మన సంఘం వార్షికోత్సవం సందర్భంగా జరిగిన యువజన సమావేశంలో గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, నేను చెప్పబోయేది ముఖ్యంగా మీకోసం. పెద్దలకు ఎక్కడైనా కోపం వస్తే భోజనాల దగ్గర నన్ను తిట్టండి, పడతాను. ఇక్కడ మాత్రం చివరిదాకా విననివ్వండి.

మూడేళ్ళ కిందటి మాట. మా హాస్టల్లో రాత్రి చదువుల వేళ తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి లేచి నిలబడింది. "మేడమ్, హంసను కొడితే జైల్లో వేస్తారా?" అని అడిగింది. ఆ సాయంత్రం నలుడు హంసను పట్టుకొని, మళ్ళీ వదిలేసిన కథ పిల్లలకు చెప్పాను. దాని గురించే అడుగుతోంది అనుకున్నాను. మిగతా పిల్లలు పకపకా నవ్వారు. మన కొండల్లో హంస ఎక్కడుంది, కొట్టడానికి? నేనూ నవ్వేశాను. "ముందు లెక్కలు చెయ్యి" అన్నాను.

వారం తర్వాత తెలిసింది, ఆ పిల్ల అడిగింది హంస గురించి కాదని. వాళ్ళ అన్న ఇటుకల పండక్కి వేటకు వెళ్ళాడు. దొరికిన పావురాళ్ళనూ, రెండు కొంగలనూ తాడుకు గుచ్చి, దండలాగా మెడలో వేసుకొని ఫోటో దిగాడు. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. ఆ ఫోటో చేతులు మారి మారి చేరకూడని చోటికి చేరింది. కేసయ్యింది. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దన్నారు. పిల్ల కడుపులో దాచుకోలేక, హంస పేరు పెట్టి అడిగింది.

పిల్లలు వేసే ప్రశ్న వెనక ఇంకో ప్రశ్న ఉంటుందని టీచర్ ట్రైనింగ్‌లో మాకు చెప్పారు. పరీక్షలో ఆ జవాబుకు నాకు మంచి మార్కులే వచ్చాయి. కావలసిన రోజున మాత్రం గుర్తు రాలేదు. ఆ బాకీ తీర్చుకుందామని ఆ తర్వాత కూర్చుని చదివాను. చదువుతూ పోతే ఆ ప్రశ్న నన్ను ఎక్కడెక్కడికో తీసుకుపోయింది. ఆ పిల్ల అడిగినట్టే, నేనూ హంస దగ్గరే మొదలుపెడతాను.

బొమ్మల్లో మనం చూసే తెల్లటి పొడుగు మెడ హంసలు చలిదేశాల పక్షులు. మన దేశానికి రావడం చాలా అరుదు, వచ్చినా ఉత్తరాన ఎప్పుడో దారి తప్పి. మన కథల్లో హంస అంటే నెత్తి మీద రెండు నల్ల చారలుండే బాతు అయ్యుంటుందని పండితులు కొందరు అంటారు. టిబెట్టు, మంగోలియా వైపు గుడ్లు పెట్టి, చలికాలానికి హిమాలయాల మీదుగా ఎగిరి మన చెరువులకు వచ్చే పక్షి అది.

ఇంగ్లండులో హంసలది వింత సంగతి. పారే నీళ్ళల్లో గుర్తు వేయని హంస ఏదైనా రాజుగారిదే అని అక్కడ పాత ఆచారం. ఇప్పటికీ ప్రతి జూలైలో థేమ్స్ నదిలో పడవలేసుకొని వెళ్ళి హంస పిల్లల్ని పట్టి, లెక్క రాసుకొని వదిలేస్తారు. ఒకప్పుడు రాజుల విందులో హంస మాంసం ఉండేది. ఇప్పుడు అక్కడ 1981 నాటి చట్టం ప్రకారం హంసను చంపడం నేరం. పక్షి ఎక్కడో గుడ్డు పొదిగి, ఎక్కడో తిరిగి, ఎక్కడో ముసలిదవుతుంది. అది ఫలానా వారిది అని రాసుకున్నది మనుషులే. మన కొండలు ఒక రోజున ఎవరివో అయిపోయిన సంగతి మీకు తెలుసు కాబట్టి ఇది మీకు వింతగా తోచదు.

అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో హంస వేటకు అనుమతి చీటీ ఇస్తారు. యూటా రాష్ట్రంలో 1962 నుంచీ ఉంది. అక్కడ రెండు రకాల హంసలు తిరుగుతాయి. చిన్న రకాన్ని కొట్టవచ్చు. పెద్ద రకం ఒకప్పుడు అంతరించే దశకు వచ్చింది కాబట్టి దాన్ని కాపాడుతున్నారు. ఎగురుతున్నప్పుడు రెండూ ఒకలాగే ఉంటాయి. అందుకని కొట్టినవాడు మూడు రోజుల్లోగా ఆ హంసను అధికారుల దగ్గరకు తీసుకెళ్ళి ముక్కు కొలిపించాలి. పొరపాటున పడిన పెద్ద హంసల లెక్క హద్దు దాటితే ఆ ఏడాది వేట అక్కడితో బంద్.

ఇదంతా సరదాగా వేటాడేవాళ్ళ సంగతి. నా నిద్ర చెడగొట్టింది అలాస్కా. అమెరికా పటంలో పైన, కెనడాకు అవతల, మంచులో ఉండే పెద్ద రాష్ట్రం. అక్కడి ఇనుపియాట్, యూపిక్ జనం మనలాగే ఆదివాసులు. వాళ్ళకు వ్యవసాయం లేదు. చలికాలమంతా దాచుకున్న చేపా, మాంసమూ తిని బతుకుతారు. ఏప్రిల్, మే వచ్చేసరికి దాచింది అయిపోతుంది. సరిగ్గా అప్పుడే దక్షిణం నుంచి బాతులు, హంసలు గుంపులు గుంపులుగా వస్తాయి. వాళ్ళకు అదే మొదటి తాజా కూడు. సెప్టెంబరు, అక్టోబరు కల్లా పక్షులు వెళ్ళిపోతాయి.

1916లో అమెరికాకూ, కెనడా తరఫున బ్రిటన్‌కూ ఒప్పందం జరిగింది. వలసపక్షుల్ని కాపాడాలని. మంచి పనే. అప్పట్లో అమ్మకం కోసం తుపాకులతో లక్షల్లో చంపేవాళ్ళు. ఆ ఒప్పందంలో మార్చి 10 నుంచి సెప్టెంబరు 1 దాకా వేట బంద్ అని రాసుకున్నారు. ఆ తేదీలు దక్షిణాన ఉన్నవాళ్ళకు బాగానే ఉన్నాయి. అలాస్కా వాళ్ళకు మాత్రం పక్షులున్నప్పుడు వేట నేరం, వేటకు ఒప్పుకున్నప్పుడు పక్షులు లేవు. ఆ బల్ల దగ్గర వాళ్ళ మనిషి ఒక్కడు లేడు. నత్తలూ చేపలూ తిని బతికే కొన్ని సముద్రపు పక్షుల్ని మాత్రం వాళ్ళకు వదిలారు. బాతులు, హంసలు లేవు.

నలభై ఏళ్ళు ఆ చట్టాన్ని అక్కడ ఎవరూ గట్టిగా అమలు చేయలేదు. 1959లో అలాస్కా రాష్ట్రమైంది. 1961 మే నెలలో బారో అనే ఊళ్ళో అధికారులు బాతును కొట్టినందుకు అరెస్టులు చేశారు. పట్టుబడిన వాళ్ళలో జాన్ నుసుంగిన్యా ఒకరు. ఆయన రాష్ట్ర శాసనసభ్యుడు కూడా! ఊరు ఏం చేసిందో తెలుసా? పారిపోలేదు, దాక్కోలేదు, కొట్టుకోలేదు. 138 మంది తలా ఒక బాతు పట్టుకొని అధికారి ఎదుట వరసగా నిలబడ్డారు. మేమూ కొట్టాం, మమ్మల్నీ పట్టుకో అన్నారు. ఊరంతటినీ ఎక్కడ పెడతారు? చివరికి కేసులు నిలబడలేదు.

ఈ కథ ఇక్కడికే చెప్పి ఆపేస్తే మీరంతా చప్పట్లు కొడతారు. నాకు దీని తర్వాతి ఇరవై ఏళ్ళే ముఖ్యం. అందులో చప్పట్లు కొట్టేది ఏమీ లేదు, అంతా కూర్చుని చేసిన పని.

యూకాన్, కుస్కోక్విమ్ నదుల మధ్య పల్లపు నేలలో యూపిక్ జనం వేటాడే చిన్న బాతు రకం ఒకటుంది. 1960లలో మూడు లక్షలకు పైగా ఉండేది, 1980ల నడుమకు ముప్పై వేలకు లోపు పడిపోయింది. తప్పు ఎవరిది? మీరు గుడ్లు తీస్తున్నారని అలాస్కా వాళ్ళను అన్నారు. మీరు చలికాలంలో తుపాకులతో కాలుస్తున్నారని వీళ్ళు కాలిఫోర్నియా వాళ్ళను అన్నారు. మన ఊళ్ళో నీటి కాలువ దగ్గర జరిగే గొడవే. 1984లో హూపర్ బే అనే ఊళ్ళో అందరూ కూర్చున్నారు. యూపిక్ పెద్దలు మేము ఈ పక్షుల్ని కొన్నాళ్ళు కొట్టం, గుడ్లు తియ్యం అని ఒప్పుకున్నారు. కాలిఫోర్నియా వాళ్ళూ తమ వేట తగ్గించుకున్నారు. ఆకలి కాలంలో చేతికి అందే పక్షిని వదిలేస్తామన్నారు చూడండి, అది తేలిక కాదు. చక్రవర్తి బాతు అని ఇంకో రకం ఉంది. దాని వేట 1987లో ఆపితే మళ్ళీ మొదలయ్యింది 2017లో. ముప్పై ఏళ్ళు. ఆపినప్పుడు పడుచువాళ్ళు, మళ్ళీ మొదలైనప్పుడు తాతలు.

ఆ నిగ్రహం చూశాక వాళ్ళ మాటకు బరువొచ్చింది. 1916 నాటి ఒప్పందాన్ని మార్చుకోవాలని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. అమెరికా సెనేట్ 1997లో ఆమోదించింది. 2000లో ఒక మండలి పెట్టారు. అందులో కేంద్రానికి ఒక ఓటు, రాష్ట్రానికి ఒక ఓటు, ఆదివాసులకు ఒక ఓటు, మూడూ సమానం. 2003లో మొదటిసారి చట్టబద్ధంగా వసంతకాలపు వేట జరిగింది. ఏప్రిల్ 2 నుంచి ఆగస్టు 31 దాకా. మధ్యలో పక్షులు గుడ్లు పొదిగేటప్పుడు 30 రోజులు ఆపాలి. అమ్మకూడదు. చిన్న హంస ఆ జాబితాలో ఉంది, పెద్ద హంస లేదు. కాబట్టి మా పిల్ల ప్రశ్నకు జవాబు: అలాస్కాలో పల్లె మనిషి, కూటి కోసం, చెప్పిన నెలల్లో చిన్న హంసను కొడితే జైలు లేదు. ఆ ఒక్క ముక్క రాయించుకోవడానికి వాళ్ళకు ఎనభై ఏళ్ళకు పైగా పట్టింది.

ఆ 30 రోజుల సంగతి చదివినప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. మా నాన్న ఉచ్చు పన్నడంలో మొనగాడు. కౌజు పిట్టలు, అడవికోళ్ళు తెచ్చేవాడు. నేను తిని పెరిగినదాన్నే, అబద్ధమాడను. కానీ గూట్లో గుడ్ల మీదున్న పిట్ట జోలికి పోయేవాడు కాదు. ఉచ్చులో పడితే విడిపించి వదిలేసేవాడు. ఎందుకు నాన్నా అంటే, "వచ్చే ఏడు తినవా?" అనేవాడు. బడి ముఖం చూడని మనిషి.

ఇక మన దేశం సంగతి. రాజస్థాన్‌లో భరత్‌పూర్ చెరువు ఉంది. 1938 నవంబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గో, ఆయనతో వచ్చినవాళ్ళు ఒక్క రోజులో 4,273 పక్షుల్ని కాల్చారు. నేరం అనలేదు సరిగదా, గొప్పగా రాతి మీద చెక్కించారు. ఆ రాయి ఇప్పటికీ ఉంది. అదే కాలంలో మన కొండల్లో అడవి చట్టాలు పోడునూ, కట్టెనూ కూడా నేరం చేసి పెట్టాయి. 1922లో మన్యం లేవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలాకాలం రుసుము కట్టినవాడికి వేట లైసెన్సు ఇచ్చేవాళ్ళు. వేటాడి అడవిని ఖాళీ చేసిందెవరని ఎవరైనా అడిగితే మనల్ని వేలెత్తి చూపిస్తారే, అప్పుడు నాకు ఆ రాయి గుర్తొస్తుంది.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991లో లైసెన్సు వేట తీసేశారు. 2022లో చట్టాన్ని మళ్ళీ సవరించారు, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. తమ్ముళ్ళూ, ఇక్కడ ఫోన్లు కింద పెట్టి వినండి. ఈ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం వేట. ఉచ్చు పెట్టడం, వల పన్నడం వేట. తరమడం కూడా వేటే. పక్షి గుడ్లు పగలగొట్టడం, గూడు చెదరగొట్టడం వేట. ప్రయత్నించి పిట్ట దొరక్కపోయినా వేటే. మన దగ్గర తిరిగే అడవి పక్షులు దాదాపు అన్నీ ఆ జాబితాల్లో ఉన్నాయి, చెరువు బాతులు సహా. పెంచుకునే కోళ్ళు, నాటుబాతులు వేరు, వాటికి భయం లేదు.

శిక్ష మామూలుగా మూడేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నెమలి, అలుగు లాంటి మొదటి జాబితా ప్రాణి అయినా, అభయారణ్యం లోపల జరిగినా మూడేళ్ళకు తగ్గకుండా ఏడేళ్ళ దాకా జైలు, జరిమానా పాతిక వేలకు తగ్గదు. వేటకు వాడిన బండిని పట్టుకుంటే అది ప్రభుత్వానిదైపోతుంది. వాయిదాల మీద కొన్న బైకు పోతుంది, వాయిదాలు మాత్రం మీరు కడుతూనే ఉండాలి.

ఆదివాసులకు మినహాయింపు లేదా అని మీరడగాలి. ఉంది, ఒక్క చోట. నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకు 1967 నాటి ఉత్తర్వుతో వచ్చిన వేట హక్కుల్ని ఈ చట్టం ముట్టుకోదు. 65వ సెక్షన్ అదే. మనకు అది వర్తించదు. 2006 అటవీ హక్కుల చట్టం చాలా ఇచ్చింది. చేపలు పట్టుకోవడం, అడవి సరుకు ఏరుకోవడం, పశువుల మేత. పాత ఆచారపు హక్కులన్నీ గుర్తిస్తామని కూడా అంది. అదే వాక్యంలో, వేట తప్ప, అంది. మన ఊళ్ళలో కొందరు కుర్రాళ్ళు "పట్టా వచ్చింది కదా, వేట కూడా మన హక్కే" అంటుంటే విన్నాను. కాదు. ఆ మాట నమ్మి అడవికి వెళ్ళొద్దు.

అడవి పంది చేను నాశనం చేస్తే? రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి. అనుమతి ఇచ్చే అధికారం అటవీ అధికారులకు ఉంది. అది వచ్చేలోపు చేనంతా పోతుందంటారు, నిజమే. కరెంటు తీగ మాత్రం పెట్టకండి. దాని మీద పడేది పంది ఒక్కటే కాదు, తెల్లవారుజామున కల్లుకెళ్ళే బాబాయి కూడా. గుళికల మందు కలిపిన గింజలు చల్లి పిట్టల్ని పట్టడం ఇంకా పాపం. ఆ మాంసం తిన్న పిల్లల గతేంటి?

ఈ చట్టం నాకు పూర్తిగా నచ్చిందని చెప్పను. అలుగు పెంకులు వ్యాపారం చేసేవాణ్ణీ, పండక్కి రెండు పావురాళ్ళు కొట్టిన కుర్రాణ్ణీ ఒకే తాటికి కడుతుంది. వ్యాపారి వకీలును పెట్టుకుంటాడు, మన కుర్రాడు వాయిదాకు వెళ్ళడానికి బస్సు చార్జీ అప్పు తెస్తాడు. కానీ కోర్టులో జడ్జిగారి ముందు ఆచారం అని చెప్పి బయటపడగలమా అంటే, పడలేం.

అయితే ఇటుకల పండుగ మానేద్దామా? అది మన పెద్దల పండుగ. చైత్రంలో విత్తనాలకు పూజ చెయ్యడం, మగవాళ్ళు గుంపుగా అడవికి వెళ్ళడం, ఆడవాళ్ళు దారి కట్టి వచ్చేపోయే బండ్ల దగ్గర డబ్బులు అడగడం. ఉత్త చేతులతో తిరిగొచ్చిన మగవాళ్ళ మీద మనం పేడనీళ్ళు చల్లుతాం. చెల్లెళ్ళూ, నిజం చెప్పండి, ఆ పేడనీళ్ళకు భయపడి కూడా ఏదో ఒకటి కొట్టుకురావాలని చూస్తారు కదా మన మగవాళ్ళు? అంటే ఆ కేసులో మనకూ కొంచెం భాగం ఉంది. ఇకమీదట వేటతో వచ్చినవాడి మీదే పేడనీళ్ళు చల్లితే ఎలా ఉంటుందో ఆలోచించండి. నవ్వుతున్నారు గానీ, నేను నిజంగానే అంటున్నాను.

ఇలా తిప్పుకున్న ఊళ్ళు ఉన్నాయి. నాగాలాండ్‌లో వోఖా జిల్లా పాంగ్టి ఊరు. లోథా నాగా జనం. దోయాంగ్ ప్రాజెక్టు కింద వాళ్ళ పొలాలు మునిగాయి. చేపల వలలతో బతుకు మొదలుపెట్టారు. ఆ నీళ్ళ పక్కన చెట్ల మీదికి ఏటా అక్టోబరులో అముర్ డేగలు అనే చిన్న డేగలు లక్షల్లో వచ్చి వాలతాయి. అవి చైనా, రష్యా వైపు నుంచి ఆఫ్రికాకు పోతూ దారిలో ఆగుతాయి. 2012లో ఆ వలలతోనే వాటిని లక్షకు పైగా పట్టి అమ్మారని దేశమంతా గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడు ఊరి పెద్దలు కూర్చుని వల వేస్తే జరిమానా అని తీర్మానం చేశారు. 2013లో ఒక్క డేగనూ పట్టలేదు. ఆ నవంబరులో శాస్త్రవేత్తలు మూడు డేగలకు చిన్న యంత్రాలు కట్టి వదిలారు. వాటికి పెట్టిన పేర్లు నాగా, వోఖా, పాంగ్టి. ఒక ఊరి పేరు మోసుకొని పిట్ట సముద్రం దాటి ఆఫ్రికాకు వెళ్ళింది. చట్టం అంతకు ముందూ ఉంది. అక్కడ వల తీయించింది ఊరి తీర్మానం.

మన శ్రీకాకుళంలో తేలినీలాపురం కూడా అంతే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి. అవి వస్తే వానలు బాగా పడతాయని ఊరివాళ్ళ నమ్మకం. రెట్టల వాసన భరిస్తారు గానీ రాయి వెయ్యనివ్వరు.

మనకూ ఆ అధికారం ఉంది. అటవీ హక్కుల చట్టం 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. అడవినీ, వన్యప్రాణుల్నీ కాపాడుకోవడానికి మీరు తీర్మానం చేయవచ్చు, దాన్ని అమలు చేయించవచ్చు. ఏ నెలల్లో ఏ గుట్ట మీదికి ఎవరూ పోకూడదో మన పెద్దలకు ఎప్పటినుంచో తెలుసు. దాన్ని కాగితం మీద పెట్టి, తేదీ వేసి, సంతకాలు చేయించండి. చెరువు మీద ఈ ఏడు ఎన్ని బాతులు వాలాయో లెక్క రాయండి. ఒక పుస్తకం, ఒక పెన్ను చాలు. రేపు ఆదివాసుల వేట ఆచారం గురించి ఎవరైనా ఢిల్లీలో మాట్లాడే రోజు వస్తే, మన దగ్గర పదేళ్ళ లెక్క ఉంటుంది. ఇప్పటికి మాత్రం విల్లు పట్టుకొని అడవికి వెళ్ళండి, ఆడండి, పాడండి, చెట్టు కింద కోడిని కోసుకు తినండి. పిట్టను వదిలెయ్యండి. ఫోటో అసలే వద్దు.

ఆ అన్న సంగతి చెప్పలేదు కదూ. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు నేర్చుకుంటూ ఉండేవాడు, మంచి పరుగు. ఉద్యోగాల దరఖాస్తుల్లో మీ మీద కేసులున్నాయా అని ఒక గడి ఉంటుంది. ఇప్పటికి రెండుసార్లు ఆ గడి దగ్గర ఆగిపోయాడు. వాయిదాలు ఇంకా నడుస్తున్నాయి. చెల్లెలు ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. పోయిన చైత్రంలో వాళ్ళ ఊరి చెరువు దగ్గర ఇద్దరూ కూర్చుని పక్షుల్ని లెక్కపెట్టారట. ఆ పుస్తకం తెచ్చి నాకు చూపించింది. ఒక పేజీలో కొంగలు 41 అని రాసి కొట్టేసి, 43 అని దిద్దారు. ఎవరిది తప్పు అంటే, "అన్నది మేడమ్, రెండు చెట్టు చాటున ఉన్నాయి" అంది.

పండక్కి ముందు గ్రామసభ పెట్టుకునే ఊళ్ళు నాకు కబురు చెయ్యండి. ఆదివారాలు, రెండో శనివారాలు నేను వస్తాను. మిగతా రోజుల్లో హాస్టల్ వదిలి వస్తే నా మీద కేసవుతుంది.